బుద్ధుడు, సైన్సు, క్రీస్తు: ఎక్కడ పొసగుతాయి, ఎక్కడ పొసగవు

ఒంగోలులో మా మేనత్త ఇంటి హాల్లో ఒకే గోడకు రెండు క్యాలెండర్లు ఉంటాయి. కిటికీ పక్కది అత్తయ్యది. చర్చిలో ఇచ్చింది, నెలకో వాక్యం ఉంటుంది. తలుపు పక్కది మా బావది. అందులో అంబేడ్కరూ బుద్ధుడూ పక్కపక్కన ఉంటారు. బావ బౌద్ధం తీసుకుని పదిహేనేళ్ళయింది. అత్తయ్య పుట్టింది మొదలు బాప్టిస్టు సంఘంలోనే ఉంది. దీని మీద ఆ తల్లీకొడుకులు గొడవపడటం నేనెప్పుడూ చూడలేదు. ఈ వేసవిలో ఒకరోజు అక్కడ భోజనం చేస్తుంటే బావ కూతురు, ఇంటర్ ఎంపీసీ చదివే పిల్ల, నన్నో మాట అడిగింది.

"మామయ్యా, నువ్వు ఫిజిక్స్ చెప్తావుగా. నాన్నేమో సైన్సుకు నిలబడే మతం బౌద్ధమొక్కటే అంటాడు. నాయనమ్మేమో బుద్ధుడు చెప్పినా యేసయ్య చెప్పినా ఒకటేనే, మంచిగా బతకమనే అంటుంది. ఇద్దరి మాటా కరెక్టేనా?"

"ముందు అన్నం తిను" అని దాటేశాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాడు అలా తప్పించుకోకూడదు. అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. బావ మాటలో కొంత నిజం ఉంది, అత్తయ్య మాటలోనూ కొంత నిజం ఉంది. మిగిలినదాన్ని మర్యాద కోసం మింగేస్తే బుద్ధుడికీ, క్రీస్తుకీ, సైన్సుకీ ముగ్గురికీ అన్యాయం చేసినట్టే.

ముందు ఒక చిక్కు విప్పాలి. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే ముందు ఇస్రో వాళ్ళు దాని చిన్న నమూనాను తిరుమల తీసుకెళ్ళారని, సూళ్ళూరుపేట చెంగాళమ్మకు పూజ చేశారని పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ పూజ వల్ల లెక్కలేమీ మారవు. రాకెట్ న్యూటన్ సూత్రాల ప్రకారమే లేస్తుంది. ఒకే మనిషిలో రెండు రకాల నమ్మకాలు ఇబ్బంది లేకుండా సర్దుకుంటాయనడానికి అది మంచి ఉదాహరణ. కానీ ఆ రెండూ ప్రపంచం గురించి చెప్పే మాటలు ఒకేసారి నిజం కాగలవా అన్నది వేరే ప్రశ్న. చాలామంది మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి చెప్పేశామనుకుంటారు. పిల్ల అడిగింది రెండోది.

ఈ విషయం మాట్లాడుకోవడానికి మా ప్రాంతం కంటే తగిన చోటు లేదు. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి సముద్రానికి పోయే గుండ్లకమ్మ ఒడ్డున, దొనకొండ మండలం చందవరంలో, గుట్ట మీద శాతవాహనుల కాలం నాటి మహాస్తూపం ఉంది. అదే నదిలో దిగువన, ఒంగోలుకు ఉత్తరంగా వెల్లంపల్లి దగ్గర, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా అత్తయ్య ముత్తాత ఆ రోజు నీళ్ళలో దిగినవాళ్ళలో ఒకడని ఇంట్లో చెప్పుకుంటారు. అంటే ఈ రెండు మార్గాలూ మాకు పుస్తకాల్లో చదివితే తెలిసినవి కావు, ఊళ్ళో ఉన్నవే.

చందవరం నుంచి దొంగలెత్తుకుపోయిన ఒక శిల్ప ఫలకం చేతులు మారి మారి ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా నేషనల్ గ్యాలరీకి చేరింది. దొంగసొత్తని తేలాక 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చారు. ఆ గ్యాలరీ దానికి పెట్టిన పేరు 'బుద్ధుణ్ణి ఆరాధించేవారు'. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, బౌద్ధం అసలు మతమే కాదు, పూజలూ నమ్మకాలూ లేని ఒక ఆలోచనా విధానం అని బావలాంటి వాళ్ళు అంటుంటారు. ఈ నది ఒడ్డున స్తూపం కట్టుకున్నవాళ్ళు అలా అనుకోలేదు. వాళ్ళు చేతులు జోడించారు, ప్రదక్షిణ చేశారు. అమరావతి శాసనాలు చూస్తే, తమ ఇంటిల్లిపాదికీ, సకల ప్రాణులకూ మేలు జరగాలని కోరుకుంటూ రాళ్ళు చెక్కించి ఇచ్చారు. అది భక్తి. దాన్ని భక్తి అని ఒప్పుకోవడంలో తక్కువేమీ లేదు.

మరి బౌద్ధం సైంటిఫిక్ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? దీనికొక చరిత్ర ఉంది. అది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

సింహళంలో, అంటే ఇప్పటి శ్రీలంకలో, పానదుర అనే ఊళ్ళో 1873 ఆగస్టులో రెండు రోజుల పాటు పెద్ద వాదం జరిగింది. క్రైస్తవుల తరఫున వెస్లియన్ మిషన్‌కు చెందిన డేవిడ్ ద సిల్వా, బౌద్ధుల తరఫున మిగెట్టువత్తె గుణానంద అనే భిక్షువు. అక్కడ సైన్సును ముందుగా వాడుకున్నది క్రైస్తవులే. మీ గ్రంథాల్లో మేరు పర్వతం ఎత్తు 84,000 యోజనాలని ఉంది కదా, ఓడలు భూమి చుట్టూ తిరిగి వస్తున్నాయి, అంత పెద్ద కొండ ఎవరికీ కనపడలేదేమని అడిగారు. గుణానంద ఊరుకోలేదు. బైబిల్లో ఉన్న సృష్టి కథను పట్టుకున్నాడు. జనం ఆయనే గెలిచాడన్నారు.

ఆ వాదం ఇంగ్లీషులో అచ్చయి, అమెరికాలో హెన్రీ ఆల్కాట్ అనే మాజీ సైనికాధికారి చేతికి చేరింది. ఆయన 1880లో సింహళం వచ్చి బౌద్ధం స్వీకరించాడు. 1881లో బౌద్ధుల కోసం ప్రశ్నోత్తరాల రూపంలో ఒక పుస్తకం రాశాడు. ఆయన దగ్గర తయారైన అనగారిక ధర్మపాల 1893లో షికాగో సర్వమత సభకు వెళ్ళి, సైన్సుతో తగాదా లేని ధర్మం మాది అని చెప్పాడు. ఇరవై ఏళ్ళలో పరిస్థితి అటుది ఇటయింది. ఏ సైన్సుతో బౌద్ధాన్ని తక్కువ చేశారో ఆ సైన్సే బౌద్ధుల పక్షాన నిలబడింది.

ఈ ఆల్కాటే 1882 మే నెలలో, తనతో కలిసి దివ్యజ్ఞాన సమాజాన్ని పెట్టిన బ్లావట్‌స్కీతో మద్రాసు నుంచి బకింగ్‌హామ్ కాలువలో పడవ మీద నెల్లూరు వచ్చాడు. అంతకు అయిదేళ్ళ ముందు, లక్షల మందిని పొట్టన పెట్టుకున్న 1876-78 కరువులో, అదే కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఆ మట్టి మోసి కూలి డబ్బులతో ప్రాణం నిలుపుకున్నారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. వెల్లంపల్లి జరిగింది ఆ తర్వాత. బౌద్ధం, క్రైస్తవం, సైన్సు అన్న చర్చ మన దగ్గర గాల్లో పుట్టలేదు. ఎవరో ఎవరినో తక్కువ చేసి మాట్లాడితే, వాళ్ళు తలెత్తుకోవడానికి జవాబు వెతుక్కుంటుంటే పుట్టింది. అందుకే దాన్ని ఎగతాళి చేయడం నాకు చేతకాదు. అయితే వాదంలో పనికొచ్చిన జవాబు రుజువు కాదు.

ఈ సందర్భంలో ఐన్‌స్టీన్ పేరుతో తిరిగే ఒక మాట గురించి చెప్పాలి. భవిష్యత్తులో సైన్సు అవసరాలకు తట్టుకునే మతమంటూ ఉంటే అది బౌద్ధమేనని ఆయన అన్నట్టు వాట్సాప్‌లో నెలకోసారైనా వస్తుంది. ఆయన రచనల్లో ఆ వాక్యం ఎక్కడా దొరకలేదు. 1930లో న్యూయార్క్ టైమ్స్‌కు రాసిన ఒక వ్యాసంలో, విశ్వం పట్ల కలిగే ఒక రకమైన మతభావన బౌద్ధంలో గట్టిగా ఉందని మాత్రం అన్నాడు. ఆ ఉన్న మాట చాలు. లేనిది కలపక్కర్లేదు.

బావ తరచూ చెప్పేది కాలామ సుత్తం. సుత్తం అంటే బుద్ధుడి బోధ. కేసపుత్త అనే ఊరివాళ్ళు బుద్ధుణ్ణి అడుగుతారు. వచ్చిన ప్రతి గురువూ తన మాటే నిజమంటాడు, పక్కవాడిది తప్పంటాడు, మేం ఎవరిని నమ్మాలి అని. విన్నామని, తాతల నాటి నుంచి వస్తోందని, గ్రంథంలో ఉందని, మా గురువు చెప్పాడని ఒప్పుకోకండి అంటాడు బుద్ధుడు. రెండున్నర వేల ఏళ్ళ కింద ఒక మత గురువు ఈ మాట అన్నాడంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఫిజిక్స్ లాబ్‌లో లోలకం ప్రయోగం చేయిస్తాం. దారానికి గుండు కట్టి, ఇరవై ఊపులకు ఎంత టైమ్ పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూసి, గురుత్వ త్వరణం లెక్క కట్టాలి. పిల్లాడికి సెం.మీ. లెక్కల్లో 940 వస్తుంది. పుస్తకంలో 980 అని ఉంది. వాడు తన రీడింగులు కొట్టేసి, 980 వచ్చేటట్టు వెనక నుంచి లెక్క వేసి రికార్డులో దొంగ రీడింగులు రాస్తాడు. ముప్పై ఏళ్ళుగా నా పోరాటమంతా ఆ దొంగ రీడింగుల మీదే. "నీకు వచ్చిందే రాయరా, తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించు" అని మొత్తుకుంటాను. ఈ విషయంలో బుద్ధుడు కచ్చితంగా నా వైపే ఉంటాడు.

అయితే ఆ సుత్తాన్ని పూర్తిగా చదవాలి. తర్కానికి నిలిచిందని, ఊహకు సరిపోయిందని కూడా ఒప్పుకోవద్దనే మాట అందులోనే ఉంది. ఎక్కువమంది ఆ ముక్క వదిలేస్తారు. మరి దేన్నిబట్టి ఒప్పుకోవాలి? ఈ నడవడిక లోభాన్ని, ద్వేషాన్ని, మోహాన్ని పెంచుతోందా తగ్గిస్తోందా, దానివల్ల కీడు జరుగుతోందా మేలు జరుగుతోందా, వివేకవంతులు దాన్ని మెచ్చుతారా, మీకు మీరుగా చూసుకోండి అంటాడు. అది ఎలా బతకాలన్నదానికి పరీక్ష. లోకం ఎలా తయారైందన్నదానికి కాదు. సైన్సులో నా ఒక్కడి అనుభవం చాలదు. నాకు వచ్చిన కొలత అదే ప్రయోగం చేసిన ఇంకొకరికీ రావాలి, నా మాట తప్పని చూపించే దారి కూడా నేనే చెప్పాలి. స్వయంగా చూసుకో అనడం వరకు ఇద్దరిదీ ఒకే దారి. ఆ తర్వాత బుద్ధుడు లోపలికి వెళ్తాడు, సైన్సు బయటికి వస్తుంది.

ఆయన ఆ తేడా తెలిసే మాట్లాడాడని నాకనిపిస్తుంది. ఒకసారి శింశుపా వనంలో గుప్పెడు ఆకులు చేతిలోకి తీసుకుని, ఇవి ఎక్కువా చెట్ల మీదున్నవి ఎక్కువా అని భిక్షువులను అడిగాడు. సీతమ్మ కూర్చున్నదీ శింశుపా వృక్షం కిందే కాబట్టి ఆ చెట్టు పేరు మనవాళ్ళకు కొత్త కాదు. నాకు తెలిసినది చెట్ల మీది ఆకులంత, మీకు చెప్పినది ఈ గుప్పెడు, దుఃఖం పోవడానికి పనికొచ్చేది ఇదే అన్నాడు. లోకానికి ఆది ఉందా లేదా, అంతం ఉందా లేదా అని మాలుంక్యపుత్తుడనే భిక్షువు నిలదీస్తే జవాబే చెప్పలేదు. విషబాణం తగిలినవాడు అది వేసినవాడిది ఏ కులమో, ఎంత పొడుగో తెలిస్తేగాని తీయనివ్వనంటే ప్రాణం పోతుంది కదా అన్నాడు. సైన్సుకు ప్రాణమైన ప్రశ్నలే ఆయన పక్కన పెట్టాడు. చాలాచోట్ల ఈ రెంటికీ తగువు రాకపోవడానికి కారణం ఇద్దరూ ఒకే మాట చెప్పడం కాదు, ఒకే పొలంలోకి దిగకపోవడం.

దిగినచోట తగువు వచ్చింది. మేరు పర్వతం లేదు. భూమి మీది సారాన్ని రుచి చూసి, వెలుగుతూ తిరిగే జీవులు క్రమంగా మనుషులయ్యారన్న అగ్గఞ్ఞ సుత్తం కథకు డార్విన్ చెప్పిన పరిణామంతో సంబంధం లేదు. దలైలామా ఈ విషయంలో నిజాయితీగా మాట్లాడాడు. బౌద్ధంలో ఒక మాట తప్పని సైన్సు నిర్ద్వంద్వంగా తేలిస్తే ఆ మాట వదులుకోవాలని 2005లో రాశాడు. పాత గ్రంథాల్లోని మేరు లోకచిత్రాన్ని వదిలేశాడు కూడా. పునర్జన్మను మాత్రం వదల్లేదు. సైన్సుకు ఒకటి కనపడకపోవడం వేరు, అది లేదని సైన్సు కనిపెట్టడం వేరు అంటాడు.

నిజంగా మెలిక పడేది ఇక్కడే. బౌద్ధం ఆత్మ లేదంటుంది, మళ్ళీ పుడతామనీ అంటుంది. మరి పుట్టేదేమిటి? మిలింద అనే గ్రీకు రాజుకు నాగసేనుడనే భిక్షువు దీపం పోలిక చెప్పాడు. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటిది రెండోదానిలోకి వెళ్ళలేదు, అయినా మొదటిది లేకపోతే రెండోది లేదు. చక్కని పోలికే. కానీ దీపం నుంచి దీపానికి మంట ఎలా అంటుకుంటుందో మనం కొలిచి చెప్పగలం. వత్తి, నూనె, వేడి, ఆక్సిజన్ ఉన్నాయి. చనిపోయిన మనిషి నుంచి పుట్టబోయే బిడ్డకు ఏది దాటుతుంది, దేని మీద దాటుతుంది? పక్షవాతం వచ్చి మెదడులో ఒక భాగం దెబ్బతింటే మాట పోతుంది, జ్ఞాపకం పోతుంది, ఒక్కోసారి మనిషి స్వభావమే మారిపోతుంది. మనసు మెదడు మీద అంతగా ఆధారపడి ఉందని తెలిశాక, మెదడు కాలిపోయాక కూడా కర్మఫలం ప్రయాణిస్తుందనడానికి సైన్సు ఒప్పుకునే ఆధారం లేదు. పూర్వజన్మ గుర్తుందన్న పిల్లల గురించి వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఇయన్ స్టీవెన్సన్ ఏళ్ళ తరబడి వివరాలు సేకరించాడు. ఎక్కువమంది శాస్త్రవేత్తలు దాన్ని రుజువుగా తీసుకోలేదు.

పోనీ పునర్జన్మను తీసేద్దామంటే అంత తేలిక కాదు. నిర్వాణం అంటేనే ఆ పుట్టుకల చక్రం ఆగిపోవడం. చావుతో అందరికీ అన్నీ ఆగిపోయేటట్టయితే ఇంత సాధన ఎందుకన్న ప్రశ్న వస్తుంది. మరోవైపు, 'నేను' అనే స్థిరమైన వస్తువు లోపల ఎక్కడా లేదు, మారిపోయే అనుభవాల ప్రవాహమే ఉంది అన్న బుద్ధుడి మాటకూ ఇవాళ్టి మెదడు పరిశోధనకూ దగ్గరి చుట్టరికమే కనిపిస్తుంది. అంటే ఒకే గ్రంథంలో ఒక మాట సైన్సుకు దగ్గరగా, పక్క మాట దూరంగా ఉన్నాయి. మొత్తంగా సైంటిఫిక్ అని కానీ, మొత్తంగా కాదని కానీ ముద్ర వేయడం కుదరదు. బౌద్ధులు చెప్పే శూన్యతా, క్వాంటమ్ ఫిజిక్సూ ఒకటేనని చెప్పే వీడియోల జోలికి నేను వెళ్ళను. ఆ రెంటిలో ఏ ఒక్కటైనా కష్టపడి చదివినవాళ్ళు అలా చెప్పరు.

ధ్యానం సంగతి వేరు, దాన్ని పరీక్షించి చూశారు. 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ దాన్ని మతం నుంచి వేరు చేసి ఆసుపత్రిలో రోగులకు నేర్పించడం మొదలుపెట్టాడు. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో 47 ప్రయోగాలు, 3,515 మంది వివరాలు కలిపి చూసిన పరిశీలన వచ్చింది. ఆందోళన, డిప్రెషన్, నొప్పి ఓ మోస్తరుగా తగ్గుతున్నాయని తేలింది. మందుల కంటే, వ్యాయామం కంటే ఎక్కువ మేలు చేస్తోందనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. ధ్యానంతో టెన్షన్ తగ్గితే మంచిదే, చేయండి. దానివల్ల నిర్వాణం రుజువైనట్టు కాదు. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడితే అత్తయ్యకు గుండె బరువు దిగుతుంది, దానివల్ల పునరుత్థానం రుజువైపోదు కదా.

ఇక అత్తయ్య మాట. అన్నీ ఒకటే అనేది.

నడవడిక వరకు చూస్తే ఆమె అన్నది చాలావరకు నిజం. చంపొద్దు, దొంగిలించొద్దు, అబద్ధమాడొద్దు, పగను పగతో చల్లార్చలేవు. ఏమి విత్తితే ఆ పంటే కోస్తావని క్రీస్తు తొలి ప్రచారకుల్లో ఒకడైన పౌలు గలతీయులకు రాసిన మాట బౌద్ధ విహారంలో చదివినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఇంకా విచిత్రమైన సంగతి ఉంది. దుఃఖం కంటపడకుండా కోటలో పెంచిన రాకుమారుడు సన్యాసిని కలిసి రాజ్యం వదిలేసే కథ మధ్యయుగాల యూరప్‌లో జోసఫాత్ అనే క్రైస్తవ పరిశుద్ధుడి కథగా తిరిగింది. బోధిసత్త్వ అన్న మాటే అరబ్బీలో బుదాసఫ్, జార్జియన్‌లో ఇయోదసఫ్ అయి, చివరికి జోసఫాత్ అయింది. కథోలికులు తమ పరిశుద్ధుల పట్టికలో ఆయనకు నవంబర్ 27 కేటాయించారు. అంటే వాళ్ళకు తెలియకుండానే కొన్ని శతాబ్దాల పాటు బుద్ధుణ్ణి స్మరించుకున్నారు. ఆ కథలో తమకు పరాయిగా ఏదీ కనపడలేదు వాళ్ళకు.

కానీ కథ దాటి మూలసూత్రాల దగ్గరికి వస్తే దారులు చీలిపోతాయి. క్రైస్తవానికి మొదటి మాట సృష్టికర్త. బుద్ధుడి లోకంలో దేవతలున్నారు, వాళ్ళూ పుట్టి గిట్టేవాళ్ళే, లోకాన్ని చేసినవాడంటూ ఎవరూ లేరు. మనుషులు ఒక్కసారే చనిపోతారు, తర్వాత తీర్పు అంటుంది బైబిల్లోని హెబ్రీ పత్రిక. ఆ ఒక్క వాక్యంతోనే పునర్జన్మకు చోటు పోతుంది. క్రీస్తు చనిపోయి తిరిగి లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని పౌలే తేల్చి చెప్పాడు. బుద్ధుడు పుట్టనే లేదని రేపు తేలినా ఆయన చెప్పిన మార్గం నడిచేవాడికి మార్గంగానే ఉంటుంది. క్రీస్తు లేవలేదని తేలితే పౌలు లెక్కన ఇంకేమీ మిగలదు. అందుకే సైన్సుతో క్రైస్తవానికి ఉన్న తగువు కూడా వేరే చోట ఉంటుంది. ఆరు రోజుల సృష్టిని అలంకారంగా చదువుకునే క్రైస్తవులు ఎందరో ఉన్నారు, ఆదివారం తెల్లవారుజామున సమాధి ఖాళీ అన్నదాన్ని అలంకారం చేయడానికి పౌలు ఒప్పుకోడు.

ఇద్దరూ ఎక్కడ విడిపోతారో చూపించడానికి నాకు రెండు దొంగల కథలు చాలు. అంగులిమాలుడు మనుషులను చంపి వేళ్ళు కోసి మెడలో దండగా వేసుకున్నవాడు. బుద్ధుణ్ణి కలిసి మారిపోయి భిక్షువయ్యాడు, అర్హంతుడూ, అంటే బంధాలన్నీ తెంచుకున్నవాడూ, అయ్యాడు. ఆ తర్వాత ఒకరోజు శ్రావస్తిలో భిక్షకు వెళ్తే ఒకరు విసిరిన మట్టిగడ్డ తగిలింది, ఇంకొకరు విసిరిన కర్ర తగిలింది, మరొకరి పెంకు తగిలింది. తల పగిలి రక్తం కారుతూ, భిక్షాపాత్ర విరిగిపోయి, పై వస్త్రం చిరిగిపోయి తిరిగొచ్చాడు. దూరం నుంచే చూసిన బుద్ధుడు, భరించు, వేల ఏళ్ళు నరకంలో అనుభవించాల్సిన ఫలాన్ని ఇప్పుడే ఇక్కడే అనుభవిస్తున్నావు అన్నాడు. రెండో దొంగ క్రీస్తు పక్కన సిలువ మీద ఉన్నవాడు. చేసిన పాపం కడుక్కునే టైమ్ కూడా లేదు. నన్ను జ్ఞాపకం చేసుకో అన్నాడు. నేడే నువ్వు నాతో పరదైసులో ఉంటావు అన్నాడు యేసు.

ఇద్దరు గురువులూ దొంగను తోసెయ్యలేదు. అంతవరకు అత్తయ్య మాట నిజం. కానీ ఒకచోట చేసినదాని ఫలం గురువు కూడా తప్పించలేడు, ఒకరిని ఇంకొకరు శుద్ధి చేయలేరని ధమ్మపదం సూటిగా చెప్తుంది. ఇంకోచోట వేరొకరు మోయడం మీదే అంతా నిలబడి ఉంది. జపాన్‌లో షిన్రాన్ (1173-1263) నేర్పిన బౌద్ధం మాత్రం మన ప్రయత్నంతో కాదు, అమితాభుడనే బుద్ధుడి కరుణతోనే గట్టెక్కుతామంటుంది. పదహారో శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన జెస్యూట్ అనే కథోలిక మిషనరీలు అది విని, దేవుడి కృపతోనే రక్షణ అని లూథర్ చెప్పినట్టే ఉందే అనుకున్నారు. కాబట్టి బౌద్ధమంతా ఒకే ముద్ద కాదు. అయినా అమితాభుడు లోకాన్ని సృష్టించినవాడు కాదు.

మా వైపు మొదట క్రైస్తవం తీసుకున్న మాదిగల్లో యర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. ఆయన బాప్తిస్మం 1866లో. అంతకు ముందు రాజయోగం నేర్పే గురువుల దగ్గర శిష్యరికం చేసి, కళ్ళు మూసుకుని కూర్చోవడం బాగా తెలిసిన మనిషి. లోపలికి చూసుకునే దారి నడిచి చూశాక, తనను పేరు పెట్టి పిలిచే దేవుడి వైపు వచ్చాడు. తొంభై ఏళ్ళ తర్వాత, 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో అంబేడ్కర్ లక్షల మందితో దేవుడు లేని ధర్మం వైపు వెళ్ళాడు. ఇద్దరూ అంటరానితనం అనే ఒకే గోడ ముందు నిలబడినవాళ్ళే. అన్నీ ఒకటే అనేస్తే ఆ ఇద్దరూ అంత ఆలోచించి ఎంచుకున్నదానికి అర్థమేముంది? నాకు బాధ కలిగించేది అదే.

అంబేడ్కర్‌కు పునర్జన్మ దగ్గరున్న మెలిక బాగా తెలుసు. ఆయన చనిపోయాక 1957లో వచ్చిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో, ఒకే జీవి మళ్ళీ పుట్టడం కాదు, శరీరంలోని పదార్థాలు, శక్తి ప్రకృతిలో కలిసి మళ్ళీ రూపం కడతాయని అర్థం చెప్పాడు. ఫలానా వాళ్ళు పోయిన జన్మలో చేసిన పాపం వల్లే అంటరానివాళ్ళయ్యారు అనే మాటకు వేరు తెగ్గొట్టాలంటే ఆయనకు అది తప్పదు. సంప్రదాయ భిక్షువుల్లో చాలామంది ఆ అర్థాన్ని ఒప్పుకోరు. బావ సైంటిఫిక్ అనే బౌద్ధం ఇదీ. చందవరంలో చేతులు జోడించినవాళ్ళది కాదు, దలైలామాదీ కాదు. పిల్లకు ఈ తేడా చెప్పి తీరాలి.

చట్టం దగ్గర ఈ రెంటి మధ్య గీత ఇంకా గట్టిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులు బీసీ-సీ కిందికి వస్తారు. వాళ్ళకూ ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసింది. ఆ గోడ మీది రెండు క్యాలెండర్లలో ఒకటి ఉంటే సర్టిఫికెట్ నిలుస్తుంది, రెండోది ఉంటే పోతుంది. ఇద్దరినీ ఒకే ఊళ్ళో, ఒకే పేటలో, ఒకే మాటతో పక్కన పెట్టారు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

పోయిన ఆదివారం సాయంత్రం మళ్ళీ వెళ్ళి ఇదంతా వాళ్ళకు చెప్పాను. అంగులిమాలుడి కథ దగ్గర అత్తయ్య చేతిలోని చిక్కుడుకాయలు పక్కన పెట్టి వింది.

"దెబ్బలు తగిలి వచ్చినప్పుడు ఆ గురువు అక్కడే ఉన్నాడా?" అంది.

"ఉన్నాడు అత్తయ్యా. భరించు అన్నాడు."

ఆమె కిటికీ పక్క క్యాలెండర్ వైపు చూసింది. ఆ నెల వాక్యం యెషయా గ్రంథంలోది, 'అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది' అని. "మా యేసయ్యయితే ఆ రాళ్ళు తనే తిన్నాడయ్యా" అంది. ఆ సాయంత్రం ఆమె నోట అన్నీ ఒకటే అన్న మాట మళ్ళీ వినలేదు.

బావ కాసేపు ఊరుకుని, "రాళ్ళు ఎవరు తినాలన్నది తర్వాతమ్మా. ముందు విసిరేవాళ్ళ చెయ్యి పట్టుకోవాలి" అన్నాడు.

పిల్ల ఇద్దరి వైపూ చూసి నన్నడిగింది. "విసిరింది ఎవరు మామయ్యా? అతను చంపినవాళ్ళ తాలూకు వాళ్ళా?"

ఎవరు విసిరారో సుత్తంలో రాసి లేదని చెప్పాను.